కోవిన్‌కి రెండున్నర స్టార్లు, మా ఊరి ఏఎన్ఎం నర్సుకి ఐదు

ఈమధ్య మా చెల్లెలి పాప టీకాల కోసం యూ-విన్‌లో రిజిస్టర్ చేస్తుంటే కరోనా టీకాల కోసం వాడిన పాత పోర్టల్ కోవిన్ గుర్తొచ్చింది. అదే ఓటీపీ, అదే క్యూఆర్ కోడ్ సర్టిఫికెట్. దేశంలో అన్ని కోట్ల మంది వాడిన సర్వీసు, హోటళ్లకి, ఫోన్లకి రాసుకునే రివ్యూ దీనికి మాత్రం ఎందుకు రాయకూడదు అనిపించింది. నేను కూకట్‌పల్లిలో ఉంటూ ఆన్‌లైన్‌లో స్లాటు కోసం తిప్పలు పడ్డాను, మా అమ్మానాన్నలు కోనసీమలో ఊళ్లో వేయించుకున్నారు. రెండు వైపులా చూశాను కాబట్టే రాస్తున్నా.

ముందు పోర్టల్ సంగతి. 2021 మార్చి 1న 60 దాటినవాళ్లకి, 45 దాటి వేరే జబ్బులున్నవాళ్లకి తెరిచారు. ఆ రోజు చాలామంది చేసిన పని ప్లేస్టోర్‌కి వెళ్లి కోవిన్ యాప్ దింపుకోవడం, తీరా చూస్తే అది టీకా వేసే సిబ్బంది కోసమట, మనకి కాదట, మనం వెబ్‌సైట్‌కే వెళ్లాలట. అది ఆరోగ్యశాఖ ట్విట్టర్‌లో చెబితే గానీ తెలియలేదు. వెబ్‌సైట్ చూస్తే ఇంగ్లిష్‌లోనే ఉంది. తెలుగు జూన్‌లో వచ్చింది. అంటే ఎవరికైతే ముందు టీకా వేయాలనుకున్నారో, ఆ పెద్దవాళ్లకి తమంతట తాము బుక్ చేసుకునే దారి మొదటి మూడు నెలలు లేనట్టే. మనవళ్లో, మనవరాళ్లో పక్కనుండాలి. లేనివాళ్లు నేరుగా ఆస్పత్రికి వెళ్లి నిలబడాలి.

ఇంకా విచిత్రం ఏమిటంటే మార్చిలో సెంటర్లు ఖాళీ. టీకా ఉంది, జనం లేరు. అందరి నోటా ఒకటే మాట: "ఇప్పుడు మనకేం తొందర, ముందు వేయించుకున్నవాళ్లు ఎలా ఉంటారో చూద్దాం." కోవాగ్జిన్ మన హైదరాబాద్ పక్కన జినోమ్ వ్యాలీలోనే తయారవుతున్నా, మూడో దశ ఫలితాలు రాకముందే జనవరిలో అనుమతి ఇచ్చారని అనుమానం. ఆ అనుమానం తప్పని నేననను, అడగాల్సిన ప్రశ్నే. అయితే దానితోపాటు వాట్సాప్‌లో వేయించుకున్నవాళ్లు రెండేళ్లలో పోతారని, పిల్లలు పుట్టరని కూడా వచ్చేది, వీటికి మాత్రం జవాబు చెప్పినా వినేవాళ్లు లేరు. మా ఊళ్లో మగవాళ్లలో కొందరి బాధ వేరు. టీకా తర్వాత కొన్నాళ్లు మందు ముట్టకూడదని ఎవరో చెప్పారు. అంతే, కల్లు సీజన్ అయ్యాక చూద్దాంలే అన్నారు.

తర్వాత రెండో వేవ్. ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకి 18 దాటినవాళ్లకి రిజిస్ట్రేషన్ తెరిస్తే సైట్ కాసేపు పడిపోయింది, అయినా ఆ ఒక్కరోజే కోటీ ముప్పై లక్షల మందికి పైగా నమోదు చేసుకున్నారు. పేరు నమోదైంది సరే, స్లాటేది? పిన్‌కోడ్ కొడితే ఖాళీ, జిల్లా కొడితే ఖాళీ, ఎక్కడో ఒక పచ్చగడి కనపడి నొక్కేలోపు క్యాప్చా, అది కొట్టేలోపు గడి ఎర్రబడేది. కోడింగ్ తెలిసిన కుర్రాళ్లు టెలిగ్రామ్‌లో అలర్ట్ గ్రూపులు పెట్టారు, వాటిలో ఉన్నవాడికి స్లాటు, లేనివాడికి టెన్షన్. పైగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాకు లేక మేలో మొదటి డోసు పక్కనపెట్టి రెండో డోసువాళ్లకే ఇచ్చారు. మార్చిలో రానన్నవాళ్లే మేలో పీహెచ్‌సీ గేటు ముందు తెల్లవారకముందే చెప్పులు వరసలో పెట్టి కూర్చున్నారు. ఇదంతా చూశాక "జనానికి అవగాహన లేదు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పక్కింట్లో ఆక్సిజన్ సిలిండర్ దిగితే అవగాహన దానంతటదే వచ్చింది. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆయుర్వేద మందు కోసం వేల మంది ఒకరి మీద ఒకరు పడి నిలబడ్డారు కదా, అందులో సగం మందికి మాస్కు గడ్డం కిందే ఉంది. భయం ఉంది, నమ్మడానికి ఏదో ఒకటి కావాలి, దగ్గర్లో దొరికింది పట్టుకున్నారు.

ఇప్పుడు అసలు సర్వీసుకి వద్దాం. ఆంధ్రాలో గ్రామ సచివాలయం దగ్గరే టీకా వేసేవారు. కోవిషీల్డ్ సీసాలో పది డోసులు ఉంటాయి, తెరిచాక నాలుగు గంటల్లో వాడేయాలి. మా ఊళ్లో ఏడుగురు వచ్చారు, మా అమ్మ కూడా అందులో ఉంది. ఏఎన్ఎం ఐస్ బాక్స్ మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది, తెరవదు. ఇంకో ముగ్గురు రావాలి. వాలంటీరు కుర్రాడు ఫోన్లు కొడుతున్నాడు, ఎవరూ ఎత్తట్లేదు. చివరికి ఆవిడే లేచి ఆశా వర్కర్‌ని తీసుకుని వీధిలోకి వెళ్లింది. అరుగు మీద కూర్చున్న మా బాబాయ్ వరసాయన్ని "ఏం బాబాయ్, నువ్వొస్తావా, సూది ఇక్కడికే తెమ్మంటావా?" అంది. ఆయన జ్వరమొస్తే చేలో పని ఎవరు చేస్తారన్నాడు. ఆవిడ రాదని చెప్పలేదు, వస్తుందనే చెప్పింది. "ఒక్కరోజు వస్తుంది బాబాయ్, పారాసిటమాల్ ఇస్తాను, రేపు పొద్దున నేనే వచ్చి చూస్తాను, మీ అబ్బాయి పుట్టినప్పుడు టీకాలన్నీ నేనే కదా వేశాను, వాడికేమైనా అయిందా?" అంది. ఆయన తువ్వాలు దులుపుకుని లేచాడు. ఆయన్ని చూసి పక్కింటి అత్తాకోడళ్లు బయల్దేరారు. పదిమంది అయ్యారు, సీసా తెరిచింది. మర్నాడు పొద్దున చెప్పినట్టే వెళ్లి ఆయన్ని చూసిందని అమ్మ చెప్పింది. ఈ పని చేసే బటన్ ఏ పోర్టల్‌లోనూ లేదు.

జూన్ 20న ఆంధ్రాలో ఒక్కరోజే 13 లక్షల పైచిలుకు డోసులు వేశారు. స్లాట్ల మీద ఆధారపడితే అయ్యే పని కాదది. ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులకి వయసుతో పనిలేకుండా ముందు వేయడం కూడా మంచి నిర్ణయం.

మాస్కుల గురించి కూడా రెండు ముక్కలు. ఆంధ్రా ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో మనిషికి మూడు గుడ్డ మాస్కులు ప్రకటించింది, డ్వాక్రా మహిళలు కుట్టారు. మా ఇంటికి వచ్చినవి గుడ్డ గట్టిదే కానీ తాళ్లు పొట్టివి, మా నాన్న చెవులకి అందేవి కావు. ఉతికినా పాడవలేదు, ఉచితంగా వచ్చినదానికి నాలుగు స్టార్లు ఇవ్వొచ్చు. డబ్బులు పెట్టి కొని మోసపోయింది కవాటం ఉన్న ఎన్-95 మాస్కులతో. ఊపిరాడుతుందని జనం ఎగబడి కొన్నారు, మనం వదిలే గాలి అందులోంచి నేరుగా బయటికే పోతుందని కేంద్రం 2020 జులైలో రాష్ట్రాలకి లేఖ రాసింది, అయినా మా వీధి మందుల షాపులో ఆ ఏడాది చివరిదాకా అవే ముందు వరసలో వేలాడాయి. తెలంగాణలో అప్పట్లో మాస్కు లేకపోతే వెయ్యి రూపాయలు ఫైన్ వేసేవారు. దానివల్ల మాస్కు జేబులోకి తప్పకుండా వచ్చింది, ముక్కు మీదికి మాత్రం ట్రాఫిక్ పోలీసు కనపడినప్పుడే వచ్చేది. హెల్మెట్‌ది కూడా ఇదే కథ కదా. పెళ్లిళ్లలో అయితే గుమ్మం దగ్గర శానిటైజర్ చల్లించుకుని లోపలికి వెళ్లగానే ఫొటో కోసం మాస్కు తీసేవాళ్లం, ఆ తర్వాత భోజనాలు, ఇంక పెట్టుకునే సందర్భం ఎక్కడ?

ప్రైవేటు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మార్చిలో 250 రూపాయలున్న డోసు జూన్‌కి కోవిషీల్డ్ అయితే 780, కోవాగ్జిన్ 1,410 దాకా వెళ్లింది. ఏసీ హాలు, టోకెన్, మంచినీళ్ల బాటిల్, అరగంట కుర్చీలో కూర్చోబెట్టడం, అన్నీ బాగున్నాయి. నేను వెళ్లినచోట ఏ టీకా వేస్తారో డబ్బు కట్టాక గానీ చెప్పలేదు, అదొక్కటే నచ్చలేదు. అమెరికా వెళ్లే పిల్లలకి అది చిన్న విషయం కాదు. కోవాగ్జిన్‌కి డబ్ల్యూహెచ్‌వో గుర్తింపు నవంబర్ 3న వచ్చింది, ఆగస్టులో క్లాసులు మొదలయ్యేవాళ్లు కొందరు అక్కడికి వెళ్లి మళ్లీ వేరే టీకా వేయించుకోవాల్సి వచ్చింది.

కోవిన్‌ని మెచ్చుకోవాల్సింది సర్టిఫికెట్ విషయంలో. సూది వేయించుకుని బయటికి వచ్చేసరికి ఫోన్‌లో ఉండేది. క్యూఆర్ స్కాన్ చేస్తే అసలో నకిలీయో తెలిసిపోతుంది. పాస్‌పోర్ట్ నంబర్ కలుపుకోవచ్చు. లోపాలూ ఉన్నాయి. మొదట్లో వయసు మాత్రమే వేసేవారు, బ్రిటన్ పూర్తి పుట్టిన తేదీ కావాలని పేచీ పెట్టాక దాన్ని మార్చారు. మా పిన్నికి టీకా వేయకుండానే వేసినట్టు మెసేజ్ వచ్చింది, మళ్లీ వేయించుకోవడానికి సెంటర్ చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఇలాంటివి చాలా జరగబట్టే మే 8 నుంచి నాలుగంకెల కోడ్ పెట్టారు, ఆ కోడ్ చెబితేనే డోసు వేసినట్టు ఎక్కుతుంది. ఆ మార్పు ముందే చేసి ఉండాల్సింది.

ఇక 2022 జులై 15 నుంచి 75 రోజులు మూడో డోసు 18 దాటినవాళ్లందరికీ ఉచితం అన్నారు. స్లాట్లు కావలసినన్ని, క్యూ లేదు, సైట్ ఎక్కడా ఆగలేదు. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ కదల్లేదు. "ఇంకా కరోనా ఎక్కడుందండీ" అన్నారు. పోర్టల్ అన్ని రకాలుగా బాగుపడిన రోజున వాడేవాళ్లు లేరు. ఊళ్లో మాత్రం అదే ఏఎన్ఎం ఇంటికి వచ్చి మా అమ్మానాన్నలిద్దరికీ మూడోది కూడా వేసి వెళ్లింది. తర్వాత 2024లో కోవిషీల్డ్‌తో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య రావచ్చని బ్రిటన్ కోర్టు పత్రాల్లో ఆ టీకాని రూపొందించిన ఆస్ట్రాజెనెకా కంపెనీ ఒప్పుకుందన్న వార్త వచ్చినప్పుడు మా ఫ్యామిలీ గ్రూపంతా హడలిపోయింది. అమ్మ గ్రూపులో ఏమీ రాయలేదు, నేరుగా ఆ ఏఎన్ఎంకే ఫోన్ చేసి అడిగింది. టీకా వేయించుకున్న మొదటి వారాల్లో వచ్చే సమస్యట అది, మూడేళ్లయ్యాక భయపడక్కర్లేదని చెప్పిందట.

యూ-విన్ వాడబోయేవాళ్లకి ఒక సలహా: పేరు, పుట్టిన తేదీ మొదటిసారే ఆధార్‌తో సరిచూసుకుని ఎక్కించండి, మీ ఏరియా ఏఎన్ఎం నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఆవిడకి నెలనెలా జీతం టైముకి పడుతోందో లేదో కూడా ఒకసారి అడగండి.