మురుగు పైపు కెమెరా: బొమ్మ కన్నా చోటు తెలియడమే ముఖ్యం

ఇంటి మెయిన్ డ్రైనేజీ లైను దెబ్బతిందన్న అనుమానం వస్తే, పలుగు పట్టుకునే ముందు లోపల చూడడానికి పనికొచ్చేది పుష్ రాడ్ కెమెరా, అంటే పైపులోకి తోసే రాడ్ చివర కెమెరా తల ఉన్న సాధనం. 30 మీటర్ల రాడ్, 23 మిల్లీమీటర్ల తల, 7 అంగుళాల తెర, రాడ్ ఎంత దూరం పోయిందో చూపే మీటర్ కౌంటర్, 512 హెర్ట్జ్ సోండ్ (తలలోంచి సంకేతం పంపే చిన్న ట్రాన్స్‌మిటర్) ఉన్న సెట్టు గురించి ఈ రివ్యూ. ఫోనుకు తగిలించే ఎండోస్కోపు దీనికి బదులు కాదు. దాని తీగ మెత్తన. ఒక వంపు దాటితే ముందుకు పోకుండా లోపలే చుట్టలు చుట్టుకుంటుంది.

ఒక్క సింకే ఆగితే కెమెరా అక్కర్లేదు, అడ్డు ఆ పైపులోనే ఉంటుంది. ఫ్లష్ కొడితే బాత్రూం జాలీలో బుడబుడమంటున్నా, వాషింగ్ మెషీన్ నీళ్లు వదలగానే కింది అంతస్తు టాయిలెట్లో నీళ్లు పైకొస్తున్నా తేడా మెయిన్ లైనులోనే. బాగుచేయించాక నెల తిరక్కుండా మళ్లీ ఆగితే మాత్రం కెమెరా వేయాల్సిందే.

ముందు లైను కడగాలి. జిడ్డు పట్టిన పైపులోకి తోస్తే లెన్సు మసకబారడం తప్ప ఏమీ కనిపించదు. ఆసిడ్ గానీ కాస్టిక్ గానీ పోసి ఉంటే ఆ రోజుకు వదిలేయండి. రాడ్ వెనక్కి లాగేటప్పుడు అది చేతుల మీదికే వస్తుంది. దించాల్సింది చాంబర్ నుంచి, ప్రవాహం వెళ్లే దిక్కుకు. టాయిలెట్ ట్రాప్ (నీళ్లు నిలిచే వంపు) గుండా దూర్చితే తల వెనక ఉండే స్ప్రింగు విరుగుతుంది. ఈ సెట్లలో మొదట పోయేది అదే. తోసేటప్పుడు పైనుంచి ఒక కుళాయి సన్నగా వదలండి, రాడ్ జారుతుంది, వాలు కూడా తెలుస్తుంది. అసలు పరీక్ష మెల్లగా వెనక్కి లాగుతూ చేయాలి.

తెర మీద జాయింటు దగ్గర గుండ్రం బదులు నెలవంక కనిపిస్తే ఒక పైపు పక్కకు జరిగిందని అర్థం. తెల్లటి జుట్టు కుచ్చులా వేలాడేవి వేర్లు. పీవీసీ గుడ్డు ఆకారంలోకి వచ్చిందంటే పైన బరువు పడుతోంది, లేదా చుట్టూ మట్టి సరిగ్గా దిమ్మిస కొట్టలేదు.

ఎక్కువమంది పొరబడేది కుంగు దగ్గర, అంటే పైపు కిందికి దిగి నీళ్లు నిలిచే పల్లం దగ్గర. 7.2 మీటర్ల దగ్గర లెన్సు నీళ్లలో మునిగి, 9 దగ్గర తేలిందనుకుందాం. వెంటనే కుంగని తేల్చేయకూడదు. కింద ఎక్కడో అడ్డున్నా నీళ్లు అలాగే నిలుస్తాయి. అడ్డు తీయించి, నీళ్లు ఆపి, పది నిమిషాలాగి మళ్లీ చూడండి. అప్పటికీ అదే చోట మునిగితే అది కుంగే.

మార్కులన్నీ సోండుకే. కెమెరా తల పంపే సంకేతాన్ని నేల మీద లొకేటరుతో (ఆ సంకేతాన్ని గుర్తించే పరికరంతో) పట్టుకుంటే తవ్వాల్సిన చోటు దొరుకుతుంది. పోత ఇనుప పైపులోంచి కూడా 512 హెర్ట్జ్ బయటికొస్తుంది. సోండ్ లేని సెట్టు హెచ్‌డీ తెరతో వచ్చినా కొనకండి. లోతు అంకెను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు, కరెంటు, గ్యాసు లైన్లు చూసుకుని చివరి అడుగు చేత్తోనే తవ్వాలి.

లోపాలు చెప్పాలంటే, తల పక్కకు తిరగదు కాబట్టి కొమ్మ పైపుల్లోకి చూడలేం. కొత్త పీవీసీలో లైట్ల మెరుపుకు సన్న పగుళ్లు దాక్కుంటాయి, వెలుగు తగ్గించి చూడాలి. లీకు అసలే తేలదు. దానికి కింది చాంబర్లో పైపు మూతికి రబ్బరు ప్లగ్ బిగించి, పై చాంబర్లో ఒక గీత గీసి అక్కడిదాకా నీళ్లు నింపి, ఇంట్లో వాడకం ఆపి అరగంట చూడాలి. ప్లగ్ దగ్గర కారకుండానే మట్టం దిగిందంటే ఎక్కడో కారుతోంది.

లోపలినుంచి లైనింగ్ (పాత పైపు లోపల కొత్త పొర) వేస్తామని వచ్చేవాళ్లకు ఈ రికార్డింగు చూపించండి. పగుళ్లకూ, వేర్లు దూరిన జాయింట్లకూ (ముందు వేర్లు కోయించాలి) అది బాగా పనిచేస్తుంది. కుంగును సరిచేయదు, కొత్త పొర కూడా ఆ పల్లంలోనే పరుచుకుంటుంది. పూర్తిగా కూలిన చోట అసలు దూరదు. ఆ రెండింటికీ తవ్వకమే: పాడైన ముక్క కోసి, కింద 100 మిల్లీమీటర్ల ఇసుక పరిచి, 4 అంగుళాల పైపుకు మీటరుకు రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాలిచ్చి కొత్తది వేయాలి. పూడ్చేలోపు కెమెరా మరోసారి దించండి.