హైదరాబాదు చదువులో థెరపీ: రెండేళ్లకు పైగా తీసుకున్నాక నా సమీక్ష

కావలి నుంచి ఇంజినీరింగు చదువుకు హైదరాబాదు వచ్చిన నేను, రెండో సంవత్సరం నుంచి ఇప్పటిదాకా ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర థెరపీ, అంటే మాటలతో, అభ్యాసంతో సాగే మానసిక చికిత్స, తీసుకుంటున్నాను. మా నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఏటా ఎంతోమంది పిల్లలు సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాదులో దిగుతుంటారు కాబట్టి, వారికీ వారిని పంపే ఇంటివారికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. థెరపీ పనిచేస్తుంది, కాని వారానికొకసారి మనసులోది చెప్పుకొని వచ్చేయడంతో కాదు, మిగిలిన రోజుల్లో మనం చేసే అభ్యాసంతోనే పనిచేస్తుంది.

నేను వెళ్లేనాటికి నిద్ర చెదిరిపోయింది, ఇంటర్నల్స్ ముందు కడుపులో తిప్పేది, ఇంటి నుంచి ఫోనొస్తే ఎత్తబుద్ధి అయ్యేది కాదు. మొదటి రోజే ఒక ప్రశ్నాపత్రం ఇచ్చారు. డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ఆ పత్రంలో గడచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుంటాయి, మొత్తం 27 మార్కులు, 10 గాని అంతకన్నా ఎక్కువ గాని వస్తే పట్టించుకోవలసిన స్థాయిగా చూస్తారు. మధ్యమధ్య అదే పత్రం మళ్లీ నింపించడం వల్ల మార్పును ఊహతో కాక అంకెతో చూసుకొనే వీలు కలిగింది.

నాకు చేసినది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. 1960లలో అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన ఈ పద్ధతిలో, సంఘటన కన్నా దాని గురించి మనకు తటాలున వచ్చే ఆలోచనే ఎక్కువ బాధ పెడుతుందన్నది మూలసూత్రం. ఆచరణలో ఇది ఒక నోటుబుక్కు పని. పేజీని నిలువుగా గడులు చేసి జరిగినదేమిటి, వచ్చిన ఆలోచన ఏమిటి, దాన్ని నూటికి ఎంత నమ్ముతున్నాను, దానికి ఆధారాలేమిటి, వ్యతిరేకంగా ఏమున్నాయి అని రాయాలి. ఒక ల్యాబ్ పరీక్ష చెడినప్పుడు నేను రాసిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది: "ఈ సబ్జెక్టు పోతుంది, ప్లేస్‌మెంటు రాదు, నాన్న చేసిన అప్పు తీరదు." నమ్మకం గడిలో 90 వేశాను. ఆధారాల గడిలో ఆ ఒక్క ల్యాబ్ తప్ప రాయడానికేమీ దొరకలేదు, ఎదుటి గడి మాత్రం నిండిపోయింది. చివరికి 90 కాస్తా 50కి దిగింది. సున్నాకు ఎన్నడూ దిగదు, అలా దిగుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు, కాని యాభై పాళ్ల దిగులుతో పుస్తకం తెరిచి కూర్చోవచ్చు, తొంభైతో కూర్చోలేము. ఈ గడులు నింపని వారాల్లో సెషన్ ఎంత బాగా సాగినా నాకు ఒరిగిందేమీ లేదు.

నిద్ర విషయంలో ఇచ్చిన సూచనలు ఇంకా తేలికైనవి: ఎప్పుడు పడుకున్నా ఒకే వేళకు లేవడం, ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి కాసేపు వేరే పని చేసుకోవడం, మంచం మీద చదవకపోవడం. ముగ్గురు నలుగురు ఉండే హాస్టల్ గదిలో మూడోది పాటించడం కష్టమే.

ఎవరి దగ్గరికి వెళుతున్నామన్నది అన్నిటికన్నా ముఖ్యం. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే జాతీయ సంస్థ రిజిస్ట్రేషను ఉండాలి, ఆ నంబరు అడగడానికి మొహమాటపడనక్కర లేదు. మందులు రాసే అధికారం వారికి ఉండదు, అవసరమైతే ఎంబీబీఎస్ తరువాత మనోవైద్యం చదివిన సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు. నన్నూ కొంతకాలం అలా పంపారు. ఆ మందుల ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పట్టింది, ఆపేటప్పుడు కూడా డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగానే తగ్గించాము.

ఒక విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ బాధ ఉంది. అంతకుముందు చదువుకున్న చోట కౌన్సెలరుకు చెప్పుకొన్న మాటలు మరునాటికి వార్డెను నోట వినిపించాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది, ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు ఇచ్చింది. వంద మంది గాని అంతకన్నా ఎక్కువ గాని విద్యార్థులున్న సంస్థలు అర్హత గల కౌన్సెలరును నియమించాలని సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే, కాని ఆ గదిలో చెప్పినది ఆ గదిలోనే ఉంటుందన్న నమ్మకం లేనంతవరకు పిల్లలు ఆ తలుపు తట్టరు.

సెలవుల్లో కావలి వెళ్లినప్పుడు సెషన్లు ఆన్‌లైన్‌లో సాగేవి. "ఏంది నాయనా, పిచ్చోళ్ల డాక్టరుతో మాట్లాడతా ఉండావా?" అని అమ్మ మొదట్లో కంటనీరు పెట్టుకుంది. ఇంట్లో గోప్యత దొరకదు కాబట్టి ఇయర్‌ఫోన్లు పెట్టుకొని మేడ మీద నీళ్ల ట్యాంకు నీడన కూర్చొనేవాణ్ణి. తరువాత నా అనుమతితో సైకాలజిస్టుగారే ఒకసారి అమ్మతో మాట్లాడి, ఇది నిద్రకూ భయానికీ చేస్తున్న వైద్యమని వివరించాక ఆ దిగులు తగ్గింది. ఎదురుగా కూర్చొని మాట్లాడినంత లోతు ఆన్‌లైన్‌లో రాలేదు, కాని మధ్యలో తెగిపోకుండా కాపాడింది.

ఖర్చు తక్కువేమీ కాదు. నేను విచారించిన ప్రైవేటు క్లినిక్కుల్లో సెషనుకు వెయ్యి రూపాయల పైమాటే. అంత పెట్టలేని వారికి ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. వారం వారం సాగే థెరపీకి అది బదులు కాదు, కాని అర్ధరాత్రి చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినవారు తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే చేయవలసిన నంబరు అది.

ప్రస్తుతం నేను నెలకొకసారి మాత్రమే వెళుతున్నాను. మళ్లీ దిగజారుతున్నానని తెలిపే గుర్తులను సైకాలజిస్టుగారూ నేనూ కలిసి ఒక కాగితం మీద రాసుకున్నాము: మెస్సుకు వెళ్లకపోవడం, ఇంటి ఫోను ఎత్తకపోవడం, తెల్లవారుజామున మెలకువ వచ్చేయడం, క్లాసులు ఎగ్గొట్టడం. వీటిలో ఏ రెండు కనిపించినా నెల నిండేదాకా ఆగకుండా ముందే సమయం అడగాలన్నది మా ఒప్పందం.