ఇంటర్నెట్ ఆపివేతల చిట్టా: కోనసీమ నుంచి ఒక సమీక్ష

దేశంలో ఎక్కడ, ఎప్పుడు, ఏ కారణం చెప్పి ఇంటర్నెట్ ఆపారో నమోదు చేసే వెబ్‌సైటు ఒకటుంది. పేరు ఇంటర్నెట్‌షట్‌డౌన్స్ డాట్ ఇన్. ఢిల్లీలోని ఎస్ఎఫ్ఎల్‌సీ డాట్ ఇన్ అనే సంస్థ దీన్ని నడుపుతోంది. 2012 నుంచి జరిగిన ఆపివేతలు ఇందులో ఉన్నాయి. చూడటానికి రుసుమేమీ లేదు. నేను అంబాజీపేటలో కొబ్బరి వర్తకులకు లెక్కలు రాస్తాను. జీఎస్టీ రిటర్నులు, ఈ-వే బిల్లులు నా పని. ఈ సైటు విలువ నాకు తెలిసింది మా జిల్లాలో నెట్ పోయాకే.

2022 మే 24న జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో మొదలైన నిరసన హింసగా మారింది. మంత్రి ఇంటికి, ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. ఆ వెంటనే మొబైల్ డేటా ఆగిపోయింది. ఆ రాత్రికి పుకార్లను అడ్డుకోవాలనుకోవడం నాకు అర్థమవుతుంది. కానీ ఊళ్లు చల్లబడ్డాక కూడా ఆపివేత జూన్ మొదటి వారం వరకు సాగడం మాత్రం అర్థం కాలేదు. నెలవారీ జీఎస్టీ రిటర్నుకు పొడిగించిన గడువు ఆ మే 24తోనే ముగిసింది. మూడు నెలలకోసారి రిటర్ను వేసే చిన్న వర్తకులు 27లోగా చలానా కట్టాలి. నెట్ ఆగింది గానీ గడువు ఆగలేదు. ఎండు కొబ్బరి లారీ కదలాలంటే ఆన్‌లైన్‌లో తీసిన ఈ-వే బిల్లు ఉండాలి. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి ఆ పనులు చేసుకొచ్చాను. బండి లేనివాళ్లు, రోజు కూలి వదులుకోలేనివాళ్లు ఏం చేయాలి? ఏ ఉత్తర్వు ప్రకారం ఆపారని ఒక కార్యాలయంలో అడిగితే ‘పైనుంచి వచ్చింది’ అన్నారు. కాగితం ఎవరూ చూపించలేదు.

నిజానికి ఆ కాగితం అందరికీ కనపడాలి. 2019 ఆగస్టులో కాశ్మీర్‌లో ఇంటర్నెట్ ఆపారు. అక్కడ 4జీ పూర్తిగా తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఆ ఆపివేతపై పాత్రికేయురాలు అనురాధా భాసిన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న తీర్పు ఇచ్చింది. గడువు లేకుండా ఇంటర్నెట్ ఆపడం చెల్లదని, ఉత్తర్వులు ప్రచురించాలని స్పష్టంగా చెప్పింది. ఆపివేతలపై అప్పట్లో అమల్లో ఉన్న 2017 నిబంధనల ప్రకారం హోం కార్యదర్శి ఉత్తర్వు ఇవ్వాలి, సమీక్షా సంఘం ఐదు పనిదినాల్లో దాన్ని పరిశీలించాలి. ఒక్కో ఉత్తర్వు పదిహేను రోజులకు మించకూడదని 2020 నవంబరులో సవరణ చేశారు. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కింద 2024లో కొత్త నిబంధనలు వచ్చాయి. ప్రచురించాలన్న షరతు వాటిలోనూ ఉంది.

ఇన్ని నిబంధనలున్నా లెక్క రాసేవాళ్లు లేరు. దేశంలో ఎన్నిసార్లు ఇంటర్నెట్ ఆపారన్న సమాచారం హోం శాఖ దగ్గర గానీ, టెలికాం శాఖ దగ్గర గానీ లేదని పార్లమెంటు స్థాయీ సంఘమే 2021 డిసెంబరు నివేదికలో తప్పుపట్టింది. ప్రజల రోజువారీ బతుకును ఆపగల అధికారం వాడుతూ, దాన్ని ఎన్నిసార్లు వాడారో రాసిపెట్టుకోకపోవడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది. నా వర్తకుడు ఒక్క అమ్మకం చూపించకపోయినా నోటీసు వస్తుంది కదా!

ఆ రాయని పద్దులు ఈ సైటులో ఉన్నాయి. రాష్ట్రాలవారీగా చూసుకోవచ్చు. తేదీ, ప్రాంతం, చెప్పిన కారణం, ఆధారమైన వార్త ఉంటాయి. జమ్మూ కాశ్మీర్ కింద ఉన్న నమోదులు చూస్తుంటే గుండె బరువెక్కుతుంది. నాకు అన్నిటికంటే నచ్చింది, గొడవ జరగకముందే ముందుజాగ్రత్త పేరుతో ఆపినవాటిని, జరిగాక ఆపినవాటిని వేరుచేసి చూపడం. ముందే ఆపినప్పుడు నిజంగా అంత అవసరం ఉందా అని అడగడానికి ఆ విభజన పనికొస్తుంది.

లోపాలూ ఉన్నాయి. అంతా ఇంగ్లిషులోనే ఉంది. ఎక్కువగా పత్రికా వార్తలే ఆధారం కాబట్టి, జిల్లా పేజీలోనే మిగిలిపోయే చిన్న ఆపివేతలు తప్పిపోతాయేమోనని నా అనుమానం. మండలాల వివరం కావాలి. మా దగ్గర ఒక మండలంలో ముందు, పక్క మండలంలో తర్వాత నెట్ వచ్చింది. జిల్లా పేరొక్కటే రాస్తే ఆ తేడా కనపడదు. ఉత్తర్వు ప్రతులు దొరికినచోటల్లా జోడిస్తే న్యాయవాదులకు ఇంకా ఉపయోగం. పైగా నెట్ లేనప్పుడు ఈ సైటు తెరుచుకోదు. ఎస్సెమ్మెస్ పంపడానికి ఒక నంబరు పెడితే బాగుంటుంది.

అయినా ఈ సైటును గుర్తుపెట్టుకోమని మా వర్తకులందరికీ చెబుతున్నాను. మీ ఊళ్లో నెట్ ఆగితే ఫోను కంపెనీ పంపిన సందేశాన్ని చెరిపేయకండి. ఏ పూట పోయింది, ఏ పూట వచ్చింది, ఏ పని ఆగింది రాసుకోండి. నెట్ రాగానే ఆ వివరాలు సైటుకు పంపండి. ఉత్తర్వు నకలు, సమీక్షా సంఘం తీర్మానం ఇవ్వమని రాష్ట్ర హోం శాఖకు సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టండి.