ఇంటి వాడకానికి చెయిన్ సా: చిన్నదే ఎందుకు కొనాలి, ట్యూనింగ్ ఎలా చేసుకోవాలి

పెరట్లో రెండు మామిడి చెట్లు, ప్రహరీ పక్కన ఒక వేప, నాలుగైదు కొబ్బరి చెట్లు ఉన్న ఇంటికి 58 సీసీ ఇంజిను, 22 అంగుళాల బార్ (చైను చుట్టూ తిరిగే పొడవాటి లోహపు పట్టీ) ఉన్న చెయిన్ సా అక్కర లేదు. 30 సీసీకి అటూ ఇటూ ఇంజిను, 12 లేక 14 అంగుళాల బార్, నాలుగు కిలోల బరువు ఉన్న చిన్న మిషన్ చాలు. చైను పదునుగా ఉండి, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ సరిగ్గా కుదిరితే ఆ ఇంటి పనులన్నీ అదే చక్కబెడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, వన్ టౌన్‌లో గానీ దుకాణానికి వెళ్లి అడిగితే ఈ మాట చెప్పేవారు తక్కువ. ‘‘ఇది తీసుకోండి సార్, 22 అంగుళాల బార్, ఎంత మానైనా నిమిషంలో పడిపోతుంది’’ అంటూ ముందుగా చూపించేది చైనా తయారీ పెద్ద మిషన్‌నే. దాని ధర ఏడెనిమిది వేల దగ్గర ఉంటుంది, పేరున్న కంపెనీ చిన్న మిషన్‌కు అంతకు రెట్టింపు పైనే అవుతుంది కాబట్టి, తక్కువ డబ్బుకు ఎక్కువ ఇంజిను వస్తోందన్న లెక్కతో చాలామంది అటే మొగ్గుతారు.

ఆ లెక్క సగమే నిజం. బార్ పొడవు పెరిగినకొద్దీ చెక్కలో ఒకేసారి దిగే పళ్లు పెరుగుతాయి, వాటిని లాగడానికి ఇంజిను బలం ఎక్కువ కావాలి, పదును పెట్టాల్సిన పళ్లూ పెరుగుతాయి. పెట్రోలు, చైను ఆయిలు పోసి, బార్ బిగించాక ఆ పెద్ద మిషన్ ఏడు కిలోలకు తక్కువ తూగదు. కింద పడిన కొమ్మలను వంగి ముక్కలు చేసేవారికి ఆ బరువు పావుగంటలోనే నడుముకు తెలుస్తుంది. మన ఇళ్లలో కోయాల్సినవి చాలావరకు జబ్బ లావు కొమ్మలు, మహా అయితే అడుగు మందం మాను. 14 అంగుళాల బార్‌తో అడుగు మందాన్ని ఒక్క కోతలో దించవచ్చు. అంతకు మించిన చెట్టు అయితే, మిషన్ ఎంత పెద్దదైనా, అది ఇంటివాళ్లు చేతులు పెట్టవలసిన పని కాదు. చెట్లు కొట్టే మనుషులను పిలవాలి.

కరెంటు మిషన్ మాట కూడా చెప్పాలి. ఇంటి గోడకు పాతిక మీటర్ల లోపే పని ఉంటే, 1,800 నుంచి 2,000 వాట్ల విద్యుత్ చెయిన్ సా నిజానికి అన్నిటికంటే సులువైనది: తాడు లాగే పని లేదు, పెట్రోలులో ఆయిలు కలపడం లేదు, ఈ వ్యాసంలో ట్యూనింగ్ గురించి రాసిన సగానికి పైగా విషయం దానికి వర్తించదు. 2,000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించాలి, ఎక్స్‌టెన్షన్ వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగది అయి ఉండాలి. సన్నటి వైరు వాడితే వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కుతుంది. అయినా నేను పెట్రోలు మిషన్‌నే ఎంచుకోవడానికి కారణం మన తీరం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలివానకు కొమ్మ విరిగి గేటుకు అడ్డంగా పడే రోజునే కరెంటు కూడా పోతుంది, నేలంతా తడిగా ఉంటుంది. చెయిన్ సా అవసరం నిజంగా పడే ఆ ఒక్క రోజున వైరు మిషన్ మూలన ఉండవలసిందే.

నేను వాడుతున్నది స్టిల్ ఎంఎస్ 170. ఇంజిను 30.1 సీసీ, బార్, చైను లేకుండా బరువు నాలుగు కిలోల దరిదాపు. చోక్, స్టార్ట్, రన్, స్టాప్ అన్నీ ఒకే మీటలో ఉంటాయి, కొత్తవారికి అది మేలు. చైను పిచ్ (లింకుల మధ్య దూరపు కొలత) 3/8 అంగుళం, ‘లో ప్రొఫైల్’ అనే పొట్టి పళ్ల రకం, గేజి (బార్ గాడిలో దిగే లింకు మందం) 1.1 మిల్లీమీటర్లు, ఇంత సన్నటి చైను కావడం వల్ల గాడి సన్నగా పడుతుంది, తీసే పొట్టు తక్కువ, అందుకే చిన్న ఇంజినుకు భారం పడదు. వేప, మామిడి, సుబాబుల్, సరుగుడు కొమ్మల్లో దీనితో నాకు ఏనాడూ బలం చాలలేదనిపించలేదు. ఎండిన నల్లతుమ్మలోను, చింత మానులోను మాత్రం తొందరపెట్టకూడదు, మిషన్‌ను దాని వేగానికి వదిలేయాలి. లోపాలూ ఉన్నాయి. క్రాంక్ కేసు, అంటే ఇంజిను కింది గూడు, ఖరీదైన వృత్తి మిషన్లలో లాగా లోహపు పోత కాదు, సిలిండర్‌ను ప్లాస్టిక్ చట్రంలో కూర్చిన నిర్మాణం, కాబట్టి పిస్టన్ పని వస్తే విప్పాల్సింది ఎక్కువ, మెకానిక్ కూలీ ఎక్కువ. బార్‌ను పట్టే నట్టు ఒక్కటే. ఎయిర్ ఫిల్టర్ చిన్నది, ఎండు కట్టె కోసేటప్పుడు తొందరగా నిండిపోతుంది. రోజంతా కట్టె కోసి అమ్ముకునేవారికి ఇది సరిపోదు. ఏడాదికి కొన్నిసార్లు బయటికి తీసే ఇంటికి ఇవి పెద్ద లోపాలు కావని నా అభిప్రాయం.

58 సీసీ మిషన్‌ను మా బావమరిది పొలంలో వాడి చూశాను. చైను కొత్తగా ఉన్నంతసేపూ అది లావు మానును నా మిషన్ కంటే త్వరగా కోసింది, అందులో సందేహం లేదు. కానీ చైను కాస్త మొద్దుబారగానే ఆ ఆధిక్యం పోయింది. కింద రాలే పొట్టును చేతిలోకి తీసుకుని చూస్తే సంగతి తెలిసిపోతుంది: పదునున్న చైను చిన్న చిన్న పెళ్లలుగా రాలుస్తుంది, మొద్దుబారినది పిండిలాంటి పొడి కక్కుతుంది. పొడి వస్తున్నప్పుడు మిషన్ మీద ఒత్తి పని చేయించబోతే చైను వేడెక్కి సాగుతుంది, క్లచ్ కాలుతుంది, మనిషి అలిసిపోతాడు. ‘‘ఇంజినులో బలం పోయింది’’ అంటూ మెకానిక్ దగ్గరికి వచ్చే మిషన్లలో చాలావాటికి కావలసింది ఆకురాయి మాత్రమే.

ఆకురాయి పని నేర్చుకోవడం తేలిక. 3/8 ‘లో ప్రొఫైల్’ చైనుకు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, పెద్ద మిషన్లకు వచ్చే 0.325 అంగుళాల పిచ్ చైనుకు 4.8 మిల్లీమీటర్లది వాడాలి. పన్నుకు అడ్డంగా 30 డిగ్రీల కోణంలో, లోపలి వైపు నుంచి బయటికి, ముందుకు తోసేటప్పుడు మాత్రమే ఒత్తిడి పెట్టి, వెనక్కి వచ్చేటప్పుడు ఎత్తేయాలి. పన్ను అంచున వెలుతురుకు తెల్లగా మెరిసే గీత ఏదైనా కనిపిస్తే అక్కడ ఇంకా మొద్దు ఉన్నట్టు. ఆ మెరుపు పూర్తిగా పోయేదాకా రుద్దాలి. అన్ని పళ్లూ ఒకే పొడవున ఉండాలి, లేకుంటే కోత ఒక పక్కకు వంకర పోతుంది. పన్ను ముందుండే చిన్న మూపును చాలామంది పట్టించుకోరు. అది పన్ను అంచు కంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. పన్ను అరిగినకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది కాబట్టి, నాలుగైదుసార్లు పదును పెట్టాక బల్లపరుపు ఆకురాయితో మూపును కూడా కాస్త దించాలి. అత్యుత్సాహంతో మరీ దించేస్తే పన్ను చెక్కను కొరికి పట్టుకుని, మిషన్ చేతుల్లో ఎగిరిపడుతుంది.

ఇప్పుడు కార్బొరేటర్. చైనా మిషన్లకు సాధారణంగా మూడు స్క్రూలు ఉంటాయి: తక్కువ వేగానికి ఎల్, పూర్తి వేగానికి హెచ్, ఐడ్లింగ్ (యాక్సిలేటర్ వదిలేసినప్పటి) వేగానికి టి లేక ఎల్‌ఏ. నా చిన్న మిషన్‌కు హెచ్ స్క్రూ లేదు, అక్కడ జెట్, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం, స్థిరంగా ఉంటుంది. ఇంటివాళ్ల చేతికి అదే క్షేమం. స్క్రూ డ్రైవర్ పట్టుకునే ముందు ఫిల్టర్ దులపాలి, స్పార్క్ ప్లగ్ విప్పి చూడాలి, ట్యాంకులోని పాత పెట్రోలు పారబోసి కొత్తది పోయాలి. మురికి ఫిల్టర్‌తో ట్యూన్ చేసిన మిషన్, ఫిల్టర్ కడిగిన మరుక్షణం లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అందుతుంది. ఆ స్థితిలోనే పిస్టన్ పట్టేస్తుంది.

ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు తిప్పి వేడెక్కనిచ్చిన తర్వాత మొదట ఎల్ స్క్రూ. గడియారం ముల్లు దిశలో నెమ్మదిగా బిగిస్తూ పోతే వేగం పెరిగి, ఒక చోటు దాటాక పడిపోవడం మొదలవుతుంది. వదులు చేస్తూ పోతే మరో వైపున పడిపోతుంది. రెంటి మధ్యా వేగం అత్యధికంగా ఉన్న చోటు పట్టుకుని, అక్కడి నుంచి ఎనిమిదో వంతు నుంచి పావు తిరుగుడు దాకా వదులు చేయాలి. యాక్సిలేటర్ నొక్కగానే ఇంజిను తటపటాయించి ఆగిపోబోతే ఇంకాస్త వదులు చేయాలి, పొగ కక్కుతూ బద్ధకంగా లేస్తే కాస్త బిగించాలి. ఆ తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో వేగం దించుతూ, చైను పూర్తిగా నిలిచిపోయినా ఇంజిను ఆగకుండా తిరిగే చోట ఉంచాలి. యాక్సిలేటర్ వదిలేశాక కూడా చైను తిరుగుతున్న మిషన్‌ను చేతిలో పట్టుకోకూడదు.

హెచ్ స్క్రూ చెవితో చేయాల్సిన పని. చైను చెక్కకు తగలకుండా, కొద్ది క్షణాల పాటు పూర్తి యాక్సిలేటర్ ఇస్తే, సరైన సెట్టింగులో ఇంజిను గొంతు కాస్త గరగరగా, మధ్య మధ్య తడబడుతున్నట్టుగా వినిపిస్తుంది. అదే వేగంతో చెక్కలోకి దించగానే ఆ గరగర పోయి శబ్దం శుభ్రమవుతుంది. బయటికి తీస్తే మళ్లీ గరగర రావాలి. ఖాళీగా తిరిగేటప్పుడే సన్నటి కీచు గొంతు వస్తే అది లీన్. వినడానికి హుషారుగా ఉంటుంది, ‘‘భలే లాగుతోంది’’ అనిపిస్తుంది, మొదటి వేసవిలోనే పిస్టన్‌ను తినేస్తుంది. కోతలో కూడా గరగర వదలకపోతే, పొగ వస్తుంటే, అది రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. బలం తగ్గుతుంది, ప్లగ్ నల్లబడుతుంది, ఇంజినుకు మాత్రం ప్రమాదం లేదు. సందేహం ఉన్నప్పుడు రిచ్ వైపే ఆపడం మంచిది. పని తర్వాత ప్లగ్ కొస కాఫీ రంగులో ఉంటే సరిపోయినట్టు, తెల్లగా ఉంటే లీన్. ఎన్నిసార్లు సరిచేసినా సెట్టింగు నిలవకపోతే స్క్రూలను ఇక ముట్టుకోవద్దు. పెట్రోలు పైపు చీలిందో, ఎక్కడో గాలి లీకవుతోందో, కార్బొరేటర్ లోపలి పలుచటి పొర (డయాఫ్రమ్) బిగుసుకుపోయిందో చూపించుకోవాలి.

ఇక్కడే మన పెట్రోలు సంగతి వస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. స్వచ్ఛమైన పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ20కి 13.5 దరిదాపు చాలు. అంటే పాత పెట్రోలుకు కుదిర్చిన కార్బొరేటర్‌లో ఈ20 పోస్తే మిశ్రమం తనంతట తానే లీన్ అవుతుంది. చెయిన్ సా లాంటి చిన్న టూ స్ట్రోక్ (పెట్రోలులో ఆయిలు కలిపి పోసే) ఇంజిన్ల మాన్యువల్స్ చాలావాటిలో 10 శాతం ఇథనాల్ దాకానే సమ్మతమని రాసి ఉంటుంది, కనుక హెచ్ స్క్రూ ఉన్న మిషన్లను ఈ20కి కాస్త వదులుగా పెట్టుకోవడం తప్పదు. పైగా వేడి గాలి పలుచన, చల్లగాలి చిక్కన. బెజవాడ మే నెల ఎండలో కుదిర్చిన మిషన్ డిసెంబరు ఉదయానికి మరింత లీన్ అవుతుంది. ఏడాదిలో రెండుసార్లు, ఎండాకాలం ముందు, తుఫాన్ల కాలం ముందు, విని చూసుకోవాలి.

టూ స్ట్రోక్ ఆయిలు విషయంలో పిసినారితనం వద్దు. ఎయిర్ కూల్డ్ ఇంజిన్లకు తగిన, జాసో (జపాన్ ప్రమాణం) ఎఫ్‌డీ గ్రేడు ఆయిలు కొని, మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు కొలిచి కలపాలి. చుక్క ఎక్కువైతే ఇంకా మంచిదని పోసేవారికి ఒక మాట: ఆయిలు పెరిగినకొద్దీ ఆ మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి, అదీ లీన్ వైపే తోస్తుంది. బార్‌కు పోసే చైను ఆయిలు బదులు ఆటోనగర్‌లో ఊరికే ఇచ్చే వాడేసిన ఇంజిన్ ఆయిలు పోయడం మనవాళ్లకు బాగా అలవాటు. అందులోని లోహపు నుసి పంపును, బార్ గాడిని అరగదీస్తుంది. పని మొదలుపెట్టేముందు బార్ కొసను ఒక తెల్లటి అట్టముక్క వైపు చూపించి రేజ్ ఇస్తే, దాని మీద సన్నటి ఆయిలు చార పడాలి.

కొబ్బరి, తాటి మానులు కోసేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. వాటి పీచు స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ల చక్రం) మూత లోపల చుట్టుకుని చైనును బిగించేస్తుంది. మధ్యలో ఆపి, ఇంజిను చల్లారాక మూత విప్పి పీకేయాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు నిలిచిన సింగ్ నగర్ వైపు చెట్ల మొదళ్లకు పట్టిన బురద కూడా అంతే: బెరడులో ఇరుక్కున్న ఇసుక ఒక్క కోతలో పదును తీసేస్తుంది, అక్కడ గొడ్డలితో బెరడు చెక్కి కోయాలి. బార్ కొస పై భాగం దేనికీ తగలకూడదు, తగిలితే మిషన్ మొహం మీదికి లేస్తుంది. కొనేటప్పుడు ముందరి గార్డును నెడితే చైను ఆగుతుందో లేదో దుకాణంలోనే స్టార్ట్ చేయించి చూడాలి. కొమ్మలు తీసుకోవడం వేరు గానీ, చెట్టునే పడగొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, కొన్ని జాతులకు మాత్రమే మినహాయింపు.

నెల దాటి వాడరనుకుంటే ట్యాంకులో పెట్రోలు ఉంచవద్దు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే నీటితో కలిసి అడుగుకు దిగుతుంది, ఆయిలు ఆ అడుగు పొరలో ఉండదు కాబట్టి, అది లాగిన ఇంజినుకు ఆయిలు అందదు. ట్యాంకు వంచి ఖాళీ చేసి, మిషన్ స్టార్ట్ చేసి, కార్బొరేటర్‌లో మిగిలినది అయిపోయి దానంతట అదే ఆగేదాకా తిరగనివ్వాలి. కలిపిన పెట్రోలు మిగిలితే, చెయిన్ సా మాన్యువల్‌లోనూ స్ప్రేయర్ మాన్యువల్‌లోనూ ఒకే నిష్పత్తి రాసి ఉన్నప్పుడు, పక్కింటివారి పురుగుమందు కొట్టే టూ స్ట్రోక్ స్ప్రేయర్‌కు పనికొస్తుంది.