40 కేవీఏ సైలెంట్ జనరేటర్: శబ్దానికి ఓకే, పొగ దగ్గరే పేచీ

గుంటూరులో మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. అసోసియేషన్ తరఫున జనరేటర్ చూసుకునేది కొన్నేళ్లుగా నేనే. ఇది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సీపీసీబీ) పాత పొగ నిబంధనలు, అంటే సీపీసీబీ-2 నాటి డీజిల్ సెట్టు.

శబ్దం మీద ఫిర్యాదేం లేదు. మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదని రూలు. జనరేటర్ పెట్టె తలుపులు మూసి ఉంటే కాస్త గొంతు పెంచి పక్కనే నిలబడి మాట్లాడుకోవచ్చు. కరెంటు పోయిన కాసేపటికే లిఫ్టు కదులుతుంది. ఎప్పుడైనా స్టార్టవకుండా మొరాయించిందంటే అది బ్యాటరీ పుణ్యమే, ఇంజిన్ ఏనాడూ ఇబ్బంది పెట్టలేదు.

పేచీ అంతా పొగతోనే. లిఫ్టు, సంపు మోటారు ఒకేసారి స్టార్టయితే లాగే కరెంటు లెక్కేసి డీలరు 40 కేవీఏ సామర్థ్యం ఉన్నది ఇచ్చాడు. అవి రెండూ ఆగి ఉన్నప్పుడు మెట్ల లైట్లు, ఇంటికి రెండు ఫ్యాన్లు, అంతే. ఫేజుకి 55 ఆంపియర్లు ఇవ్వగలిగిన మిషను మీద మీటరు ఎనిమిది ఆంపియర్ల దగ్గరే ఉంటుంది. ఇంత తక్కువ లోడుకి ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు. సైలెన్సర్ జాయింటు దగ్గర తారులాంటి నల్లటి జిడ్డు కారుతుంటుంది. వేలితో తుడిస్తే సబ్బుకి కూడా ఓ పట్టాన పోదు. పైగా వాచ్‌మన్ వారం వారం ఏ లోడూ లేకుండా ఆన్ చేసి పెట్టేవాడు. ఇప్పుడు ఆ టెస్టింగు సంపు మోటారు వేసే టైముకే పెట్టాం. జిడ్డు బాగా తగ్గింది, పొగ కొంత తగ్గింది.

కొత్తగా కొనేవాళ్లకి ఓ మాట. 2023 జులై 1 నుంచి తయారయ్యేవన్నీ సీపీసీబీ-4 ప్లస్. ఈ సైజులో యూనిట్ కరెంటుకి 0.3 గ్రాములున్న మసి పరిమితి 0.03కి దిగింది. ధర ఎక్కువే అయినా సెకండ్‌హ్యాండ్ పాత సెట్ల జోలికి పోవద్దు. లిఫ్టు లేని బిల్డింగుకైతే ఇన్వర్టర్లు చాలు, అసలు జనరేటరెందుకు?

ఇక పొగగొట్టం. రూలు ప్రకారం 40 కేవీఏకి అది బిల్డింగు కన్నా దాదాపు 1.26 మీటర్లు ఎత్తుండాలి. మాకు బిగించినవాళ్లు ఒకటో అంతస్తు దాటగానే ఆపేశారు. పొగంతా రెండో అంతస్తు బాల్కనీల్లోకే, ఆరేసిన బట్టల మీదకే. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. పైపు పైదాకా పొడిగించడానికి కొటేషన్ తెచ్చి మీటింగులో పెట్టాను. రెండో అంతస్తువాళ్లు తప్ప ఒక్కరూ చెయ్యెత్తలేదు.