నాలుగేళ్లుగా నా చార్టు కింద ఉన్న మాంద్యం గీత

అమెరికాలో మాంద్యం వచ్చే అవకాశం ఎంత శాతమో చూపించే ఇండికేటర్‌ను నా ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా కోడ్ చేసుకుని నాలుగేళ్లు దాటింది. ఇప్పటికీ తీసేయలేదు. కాకపోతే అప్పుడు చూసినట్టు ఇప్పుడు చూడటం లేదు.

లెక్క చిన్నదే. అమెరికా కేంద్ర బ్యాంకు శాఖ న్యూయార్క్ ఫెడ్ వాడే ప్రాబిట్ మోడల్, అంటే ఒక అంకెను సంభావ్యతగా మార్చే సూత్రం. పదేళ్ల ట్రెజరీ బాండు రాబడిలోంచి మూడు నెలల బిల్లు రాబడి తీసేయాలి. ఆ తేడాను మైనస్ 0.633తో గుణించి, అందులోంచి 0.5333 తీసేసి, వచ్చిన అంకెను నార్మల్ డిస్ట్రిబ్యూషన్ (గంట ఆకారపు వక్రరేఖ) ఫంక్షన్‌లో పెడితే పన్నెండు నెలల తర్వాత మాంద్యం ఉండే అవకాశం తెలుస్తుంది. తేడా సున్నా అయితే దాదాపు 30 శాతం, మైనస్ 1 అయితే 54 రావాలి. ముందు ఈ రెండూ సరిపోయాయో లేదో చూసుకోండి. నేను ఒక మైనస్ మరిచిపోయి, రెండు రోజులపాటు తలకిందుల గీతను చూసి మురిసిపోయాను.

అసలు తలనొప్పి డేటాతో. మోడల్‌కు కావాల్సింది రాబడుల నెలవారీ సగటు, నెల చివరి రోజు రేటు కాదు. జరుగుతున్న నెలను కూడా లెక్కలోకి తీసుకుంటే గీత రోజూ మారుతూనే ఉంటుంది, అందుకే ముగిసిన నెల వరకే తీసుకుంటున్నాను. ఇంకొకటి, మూడు నెలల బిల్లు రేటు డిస్కౌంట్ పద్ధతిలో, అంటే పెట్టిన డబ్బు మీద కాక ముఖవిలువ మీద లెక్కించి వస్తుంది. దాన్ని బాండు రాబడికి సమానంగా మార్చాలి. రేట్లు 5 శాతం దగ్గర ఉన్నప్పుడు ఇది మరిస్తే ఫలితంలో మూడు శాతం దాకా తేడా పడుతుంది.

ఫలితం ఏడాది తర్వాతిది కాబట్టి గీతను పన్నెండు బార్లు (చార్టులో ఒక్కో కాలానికి ఒక్కో కడ్డీ) ముందుకు జరపాలి, అక్కడ కూడా దెబ్బతిన్నాను. నెలవారీ చార్టులో పన్నెండు బార్లంటే ఏడాది. రోజువారీ చార్టుకు మారితే అదే పన్నెండు రోజులైపోతుంది, సాఫ్ట్‌వేర్ నోరు మెదపదు. మాంద్యం కాలాన్ని బూడిద రంగు పట్టీలుగా వేసుకోవడం కళ్లకు బాగుంటుంది గానీ, బ్యాక్‌టెస్ట్‌లో, అంటే పాత డేటా మీద పరీక్షించేటప్పుడు వాడకండి. 2007 డిసెంబర్‌లో మొదలైన మాంద్యాన్ని, అక్కడ మాంద్యం తేదీలు ఖరారు చేసే సంస్థ ఎన్‌బీఈఆర్ ప్రకటించింది 2008 డిసెంబర్‌లో. ఆ ఏడాదంతా ఎవరి చార్టులోనూ ఆ పట్టీ లేదు.

ఇక అలర్ట్ కథ. 50 శాతం దాటితే మోగాలని పెట్టుకున్నాను. సగానికి పైగా అంటే గట్టి సంకేతమే కదా అనుకున్నా. తర్వాత పాత డేటా మీద నడిపి చూస్తే 2001, 2008, 2020 మాంద్యాల్లో దేనికీ మోగలేదు. మూడింటికీ గీత 40 చుట్టుపక్కలే ఆగిపోయింది. మోగింది మాత్రం 2023లో, అదీ 70 దాటి. ఆ హెచ్చరికతో టెన్షన్ పడి నా ఇండెక్స్ ఫండ్ యూనిట్లు చాలావరకు అమ్మేసుకున్నాను. మాంద్యం రాలేదు, మార్కెట్ నన్ను వదిలేసి పైకి వెళ్లిపోయింది. తప్పు గీతది కాదు, నూటికి డెబ్బై అంటే ముప్పై మిగిలే ఉంటుంది. పైగా మోడల్‌లోని ఆ గుణకాలు (0.633, 0.5333) 1959 నుంచి 2009 వరకు ఉన్న డేటాతో తేల్చినవి. ఆ కాలంలోనే పరీక్షించి శభాష్ అనుకోవడం, జవాబులు చూసి రాసిన పరీక్షకు మార్కులు వేసుకోవడమే.

ఇప్పుడు అలర్ట్ తీసేశాను. నెలకొకసారి చూస్తాను. 30 దాటి ఉంటే కొత్త పొజిషన్లు సగం సైజులోనే తీసుకుంటాను, ఉన్నవాటిని కదిలించను. నిరుద్యోగ రేటు మూడు నెలల సగటు గత ఏడాది కనిష్ఠం కంటే 0.5 పాయింట్లు పెరిగితే మాంద్యం మొదలైనట్టేననే సామ్ సూత్రాన్ని కూడా రెండో గీతగా కలిపాను. అదీ 2024 జులై అంకెలతో 0.5 గీటు దాటింది. ఈసారి ఏదీ అమ్మలేదు.