నాలుగేళ్లుగా స్కాన్ చేసిన టెక్స్చర్లతో బొమ్మలు: నా అనుభవం

డిజిటల్‌లో బొమ్మ ఎంత బాగా కుదిరినా నా పనిలో ఒక నున్నదనం మిగిలిపోయేది. బ్రష్‌లు మార్చినా, నాయిస్ ఫిల్టర్ వేసినా అది పోలేదు. నాలుగేళ్ల క్రితం ఒక బ్రౌన్ కవర్‌ను నలిపి, చేత్తో సాపు చేసి స్కానర్ మీద పెట్టాను. అప్పటి నుంచి గోనెపట్టా ముక్క, పాత పుస్తకం అట్ట, కాగితం మీద ఇంకు మరక, ఏది దొరికినా స్కాన్ చేసి, ఆ టెక్స్చర్‌ను, అంటే పైపైన కనిపించే గరుకుదనాన్ని, బొమ్మ మీద పొరలా వేస్తూనే ఉన్నాను.

ముందు స్కానర్ సంగతి. పలుచగా ఉండే సీఐఎస్ రకం స్కానర్లలో అద్దానికి ఆనుకున్నది మాత్రమే స్పష్టంగా వస్తుంది, కాస్త పైకి లేచిన మడత కూడా మసకబారుతుంది. సీసీడీ రకం లావుగా, బరువుగా ఉంటుంది కానీ మడతల లోతు పట్టుకుంటుంది. ఏడాది తర్వాత నేను దానికే మారాను. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) ఏ4 కాగితం దాదాపు 4960 × 7016 పిక్సెళ్లు వస్తుంది, నాకు అది చాలు. ఆటో షార్పెనింగ్ (స్కానరే అంచులకు పదును పెట్టడం) మాత్రం తప్పకుండా ఆపేయాలి.

నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైంది నీడల దిశ. నా స్కానర్‌లో లైటు ఒక పక్క నుంచే పడుతుంది. అదే కాగితాన్ని 90 డిగ్రీలు తిప్పి మళ్లీ స్కాన్ చేస్తే ముడతల నీడలు మారిపోతాయి. బొమ్మలో వెలుతురు ఎటు నుంచి వస్తుందో ముడతల మీద కూడా అటు నుంచే రావాలి, లేకపోతే చూసేవాళ్లకు కారణం తెలియకుండానే ఏదో తేడా కొడుతుంది. అందుకే ఇప్పుడు ప్రతి కాగితాన్నీ నాలుగు వైపులా తిప్పి స్కాన్ చేస్తాను.

ఒక ముసలాయన శాలువా మీద గోనె టెక్స్చర్‌ను ఉన్నదున్నట్టు వేస్తే చేపల వలలా కనిపించింది. దాన్ని 30 శాతానికి కుదించి, ఓవర్‌లే మోడ్‌లో (పొరలోని లేత చోట్లు కింది బొమ్మను వెలిగించి, ముదురు చోట్లు చీకటి చేసే పద్ధతి) పెట్టి, మాస్క్‌తో వెలుగూ నీడా కలిసే చోట మాత్రమే ఉంచి, ఒపాసిటీ, అంటే పొర గాఢత, 18 శాతానికి తగ్గించాను. శాలువాకు బరువొచ్చింది. ఓవర్‌లేలో (0 నలుపు, 255 తెలుపు అనుకుంటే) 128 దగ్గరుండే నడిమి బూడిద రంగు బొమ్మను మార్చదు కాబట్టి, స్కాన్‌ను ముందు నలుపు తెలుపు చేసి, లెవెల్స్ అనే వెలుగునీడల టూల్‌లో సగటును అక్కడికి తేవాలి. ఈ పని వదిలేస్తే బొమ్మంతా మురికి పట్టినట్టు అయిపోతుంది. ఇంకు మరకలకు మల్టిప్లై మోడ్ (కింది బొమ్మను ముదురు మాత్రమే చేసేది) మేలు, తెల్ల కాగితం దానంతట అదే మాయమవుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. నేత గుడ్డల్లో మోయిరే గీతలు (నేత దారాలూ స్కానర్ చుక్కలూ కలిసి పుట్టే అలల్లాంటి గీతలు) వస్తాయి. గుడ్డను కొంచెం ఏటవాలుగా పెడితే చాలావరకు తగ్గుతాయి. ఎండిన ఆకులకు అంటిన ఇసుక అద్దాన్ని గీరవచ్చు, కింద పారదర్శక షీట్ వేయక తప్పదు. ఒకే మరకను ఒకే బొమ్మలో రెండుసార్లు వాడితే కన్ను ఇట్టే పట్టేస్తుంది.

చెట్టు బెరడు, చెక్క పలక లాంటివి స్కానర్ మీద పెట్టలేం. వాటి మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దుతాను. చిత్రకారుడు మాక్స్ ఎర్నెస్ట్ 1925లో ఫ్రొటాజ్ పేరుతో చేసింది ఇదే. ఆ కాగితాన్ని స్కాన్ చేసి, ఇన్వర్ట్ చేసి (నలుపును తెలుపు, తెలుపును నలుపు చేసి), నలుపు మాయమై తెలుపు మాత్రమే మిగిలే స్క్రీన్ మోడ్‌లో ముదురు కాండం మీద వేస్తే, పెన్సిల్ తగిలిన ప్రతి గరుకు గీత మీదా వెన్నెల పడ్డట్టు ఉంటుంది.